ఖాళీగా గిర్రున తిరుగుతుంది, బట్టలేస్తే మూలుగుతుంది

వాషింగ్ మెషీన్ ఖాళీ టబ్బులో పల్సేటర్ (అడుగున బట్టల్ని తిప్పే పళ్లెం) గిర్రున తిరుగుతుంది. నీళ్లు పోసి రెండు దుప్పట్లు, నాలుగు ప్యాంట్లు వేయగానే 'గుయ్‌'మని మూలిగి ఆగిపోతుంది. ఆంధ్రా-ఒడిశా సరిహద్దు వైపు పర్లాకిమిడిలో అయినా, గుణుపురంలో అయినా, రాయగడలో అయినా మిస్త్రీ వచ్చి చూసి చెప్పే మొదటి మాట దాదాపు ఒకటే: "మోటారు వీక్ అయిపోయిందండీ, మార్చేయాలి." చాలాసార్లు ఈ తీర్పు తొందరపాటే.

ఉతికే టబ్బు, పిండే డ్రమ్ము వేరువేరుగా ఉండే సెమీ ఆటోమేటిక్ మెషీన్లలో ఎక్కువగా ఉండే ఇండక్షన్ మోటారు మనిషిలా ఏడాదికింత చొప్పున నీరసపడేది కాదు. అందులో ఉన్నదల్లా రాగి లేదా అల్యూమినియం తీగ చుట్ట, ఇనుప రేకుల దిమ్మ, తిరిగే రోటర్, దాన్ని పట్టుకునే బుష్‌లు లేదా బేరింగులు. చుట్ట బాగుంటే దాని బలం అలాగే ఉంటుంది. కాలితే వాసన వస్తుంది, పొగ వస్తుంది, లేదా ఫ్యూజు ఎగిరిపోతుంది. చుట్టలో కొంతభాగం మాత్రమే షార్టయి మోటారు నిజంగానే బలహీనపడటం ఉంది గానీ, అనుమానించాల్సిన వరుసలో అది చివరిది. ఖాళీగా తిరిగి లోడుకు ఆగుతోందంటే ముందు చూడాల్సినవి మూడు: మోటారుకు అందుతున్న కరెంటు సరిపోతోందా, మొదటి తోపు ఇచ్చే కండెన్సర్ బాగుందా, మోటారు ఇచ్చిన బలం పల్సేటర్ దాకా చేరుతోందా.

కరెంటుతోనే మొదలుపెట్టాలి, ఎందుకంటే ఈ సరిహద్దు ఊళ్లలో చాలా కేసులు అక్కడే తేలిపోతాయి.

ఇండక్షన్ మోటారు తిప్పే బలం వోల్టేజీతో సమానంగా తగ్గదు, దాని వర్గంతో (వోల్టేజీని దానితోనే గుణిస్తే వచ్చే అంకెతో) తగ్గుతుంది. ఇది తెలియకే మంచి మోటార్లు పాత ఇనుప కొట్టుకు పోతున్నాయి. 230 వోల్టుల దగ్గర మోటారు బలం 100 అనుకుంటే, 200 వోల్టుల దగ్గర అది 76కు దిగుతుంది. 180 దగ్గర 61. 170కి వస్తే 55 లోపే. అంటే వోల్టేజీ నాలుగో వంతు పడిపోతే బలం దాదాపు సగం పోయినట్టే. పొద్దున పదింటికి ఉతికిన మెషీన్ సాయంత్రం ఏడింటికి అవే బట్టలకు మొరాయిస్తే తప్పు మోటారుది కాదు. వీధంతా ఒకేసారి మిక్సీలు, మోటార్లు, టీవీలు వేసుకున్న వేళది.

ఊళ్లోని ట్రాన్స్‌ఫార్మర్ 11 కేవీని (11 వేల వోల్టులను) 433 వోల్టులకు దించుతుంది. ఒక్కో ఫేజుకు లెక్కేస్తే అది 250 వోల్టులు. లోడు లేనప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ పక్కింటికి దాదాపు అదే వస్తుంది. అక్కడి నుంచి స్తంభం స్తంభం దాటుతూ, సన్నటి అల్యూమినియం తీగల మీదుగా చివరి ఇంటికి వచ్చేసరికి రాత్రి వేళ 180కి పడిపోవడం వింతేమీ కాదు. ఇళ్లకిచ్చే సరఫరాలో వోల్టేజీ తేడా 6 శాతం మించకూడదని 1956 నాటి భారత విద్యుత్ నియమాల్లోనే చెప్పారు. 230 మీద అది సుమారు 216 నుంచి 244 దాకా. కోరాపుట్ జిల్లా సరిహద్దులోని మాచ్‌ఖండ్‌లో 1955 నుంచి నీటితో కరెంటు తీస్తున్నారు, "అంత దగ్గర్లో పవర్‌హౌస్ ఉండి మాకీ లోవోల్టేజీ ఏమిటి" అని అటువైపు వాళ్లు అంటుంటారు. ఉక్రోషం న్యాయమే గానీ ఇంట్లో వోల్టేజీని తేల్చేది పవర్‌హౌస్ దూరం కాదు, వీధి ట్రాన్స్‌ఫార్మర్ నుంచి గుమ్మం దాకా ఉన్న తీగ.

దీన్ని పట్టుకోవడానికి మామూలు మల్టీమీటర్ చాలు. కాకపోతే ఎప్పుడు కొలవాలన్నది ముఖ్యం. మెషీన్ ఆపి ప్లగ్గులో కొలిస్తే 225 చూపించి మోసం చేస్తుంది. బట్టలు నిండా వేసి, మెషీన్ మూలుగుతున్నప్పుడు అదే బోర్డులోని పక్క సాకెట్‌లో కొలవాలి. అదే నిమిషంలో ఇంటి ముందున్న కరెంటు మీటరు డిస్‌ప్లే చూడాలి, చాలా డిజిటల్ మీటర్లలో అంకెలు మారుతూ వోల్టేజీ కూడా వస్తుంది. మీటరు దగ్గర 215 ఉండి సాకెట్ దగ్గర 190 ఉంటే దొంగ ఇంట్లోనే ఉన్నాడు: వదులైన స్విచ్చు స్క్రూ, నల్లబడిన సాకెట్, ఎప్పుడో వేసిన అల్యూమినియం వైరింగు, పెరటి దాకా లాగిన సన్న ఎక్స్‌టెన్షన్ వైరు. మీటరు దగ్గరే 180 ఉంటే మెషీన్ విప్పడం దండగ. అది లైన్‌మ్యాన్ పని, 1912కి ఫోన్ చేయాల్సిన పని.

ఎక్స్‌టెన్షన్ వైరు సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. ఇక్కడి పాత పెంకుటిళ్లలో మెషీన్ పెరట్లోనో, బావి గట్టు పక్కనో ఉంటుంది. ప్లగ్గు నడవలో ఉంటుంది. మధ్యలో 30 మీటర్ల వైరు. 1 చదరపు మిల్లీమీటరు రాగి తీగకు రానూపోనూ 60 మీటర్లంటే నిరోధం ఒక ఓమ్ పైచిలుకు. నడుస్తున్న మోటారు తీసుకునే రెండు ఆంపియర్లకు పోయేది రెండు వోల్టులే. కానీ ఇండక్షన్ మోటారు కదిలే క్షణంలో దానికి నాలుగైదు రెట్లు లాగుతుంది. ఇక అదే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద అరహెచ్‌పీ నీళ్ల మోటారు కూడా నడుస్తుంటే, సరిగ్గా బలం కావాల్సిన క్షణంలోనే 15 వోల్టుల దాకా పోతుంది. బజార్లో దొరికే చవక ఎక్స్‌టెన్షన్ బాక్సుల్లో వైరు ఇంతకంటే సన్నం. వైరు చేతికి వెచ్చగా తగిలితే ఇక లెక్కలు అక్కర్లేదు.

ఇంకో లక్షణం ఉంది, దాన్ని చూసీచూడనట్టు వదిలేయకూడదు. నీళ్ల మోటారు వేయగానే లైట్లు మసకబారితే అది మామూలు లోవోల్టేజీ. అలా కాకుండా కొన్నిసార్లు మసకబారడం, కొన్నిసార్లు ఉన్నట్టుండి మరింత వెలగడం కనిపిస్తే స్తంభం దగ్గరో, సర్వీసు వైరు దగ్గరో న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) వదులైందని అర్థం. అప్పుడు ఒక ఇంటికి 170, పక్కింటికి 280 పోవచ్చు. ఆ స్థితిలో మెషీన్ ఒక్కటే కాదు, ఫ్రిజ్, టీవీ అన్నీ ప్లగ్గులు పీకేసి లైన్‌మ్యాన్‌ని పిలవాల్సిందే.

స్టెబిలైజర్ కొంటే సరిపోదా అంటే, కొంతవరకే సరిపోతుంది. స్టెబిలైజర్ కరెంటు పుట్టించదు, అటుది ఇటు మారుస్తుంది. 160 వోల్టులను 230 చేయాలంటే లైనులోంచి ఆ మేరకు ఎక్కువ ఆంపియర్లు లాగాలి. దాంతో బలహీనమైన లైను ఇంకాస్త కుంగుతుంది. వీధిలో పదిళ్లు స్టెబిలైజర్లు పెట్టుకుంటే పదకొండో ఇంటికి మిగిలేది ఏమీ ఉండదు.

కండెన్సర్: ఫ్యానుకు ఉన్న జబ్బే

కరెంటు సరిగా ఉన్నా మూలుగుడు తగ్గకపోతే తర్వాత చూడాల్సింది కండెన్సర్. పుస్తకాల్లో కెపాసిటర్ అంటారు, కొట్లో కండెన్సర్ అంటేనే చప్పున తెచ్చిస్తారు.

ఇంటికొచ్చే సింగిల్ ఫేజ్ కరెంటుతో మోటారులో పుట్టే అయస్కాంత బలం అటూ ఇటూ ఊగుతుందే తప్ప గుండ్రంగా తిరగదు. ఆ ఊపు ఒక్కదానికే రోటర్ ఎటూ కదలదు, నిలబడి మూలుగుతుంది. రెండో చుట్టకు కండెన్సర్ గుండా కరెంటు పంపితే అది మొదటి చుట్ట కంటే కాస్త ముందుగా నడుస్తుంది. ఆ ముందువెనుకల వల్లే బలం గుండ్రంగా తిరిగి రోటర్‌ని వెంట లాక్కెళుతుంది. కండెన్సర్ సత్తువ తగ్గితే ఈ లాగుడు తగ్గుతుంది. ఖాళీ టబ్బుకు ఆ మిగిలిన లాగుడు చాలు, తడిసిన దుప్పటికి చాలదు.

సీలింగ్ ఫ్యాను నెమ్మదిస్తే 2.5 మైక్రోఫారడ్ (కండెన్సర్ సామర్థ్యానికి కొలత) కండెన్సర్ మార్చడం ఇప్పుడు ప్రతి ఇంట్లో తెలిసిన పనే. వాషింగ్ మెషీన్‌లోనూ అదే జబ్బు, సైజు పెద్దది, అంతే. ఉతికే మోటారుకు సాధారణంగా 10 లేదా 12 మైక్రోఫారడ్, పిండే మోటారుకు 4 నుంచి 6 మధ్య ఉంటుంది. కొన్ని మెషీన్లలో రెండూ ఒకే డబ్బాలో ఉంటాయి. ఫ్యాను సాయంత్రం ఒకసారి మొదలై రాత్రంతా తిరుగుతుంది. ఉతికే మోటారు అలా కాదు. 25 సెకన్లు ఒకవైపు, 5 సెకన్లు ఆగి మళ్లీ రెండోవైపు తిరుగుతుందనుకుంటే 15 నిమిషాల ఉతుకులో 30 సార్లు నిలబడిన చోటు నుంచి మొదలవ్వాలి. ప్రతిసారీ నీళ్లనీ బట్టలనీ కదిలించాలి. అందుకే కండెన్సర్ కాస్త తగ్గినా ఫ్యానుకంటే ముందు ఇక్కడ బయటపడుతుంది.

కండెన్సర్ ఒక్క రోజులో పోవాలని లేదు. లోపలి ప్లాస్టిక్ పొర మీద లోహపు పూత ఉంటుంది. వోల్టేజీ ఎగిరినప్పుడల్లా పొరకు సూదిమొనంత చిల్లు పడుతుంది, చిల్లు చుట్టూ పూత ఆవిరై అక్కడికక్కడ మానిపోతుంది. మానిన ప్రతిసారీ సామర్థ్యం రవ్వంత తగ్గుతుంది. ఏప్రిల్, మే నెలల్లో కాలబైశాఖి గాలివానలకు, పిడుగులకు, కొమ్మలు తీగల మీద పడి కరెంటు పోతూ వస్తూ ఉండే ఈ ప్రాంతంలో అలాంటి చిల్లులకు కొదవ లేదు. పైన 10 అని రాసి ఉంటుంది, కొలిస్తే 6 వస్తుంది. డబ్బా ఉబ్బలేదు కదా, నల్లబడలేదు కదా అని వదిలేయడమే ఇక్కడ జరిగే పొరపాటు. కంటికి బాగున్న కండెన్సర్ బాగున్నట్టు కాదు, మీటరులో కెపాసిటెన్స్ పెట్టి కొలవాల్సిందే. రాసిన అంకెకు 5 శాతం అటూ ఇటూ ఉంటే సరే. 10కి 8.5 వస్తే మార్చేయడమే మేలు, అది వందల్లో తేలే సామాను. మోటారు వేలల్లో పని.

ముట్టుకునే ముందు ప్లగ్గు పీకాలి. పీకినా కండెన్సర్‌లో కరెంటు మిగిలే ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో రెండు మొనలూ కలిపి 'టప్'మనిపించడం చాలామందికి అలవాటు. దానివల్ల మంచి కండెన్సర్ కూడా దెబ్బతినొచ్చు. పాత ఫిలమెంటు బల్బు హోల్డర్ వైర్లు రెండు మొనలకూ తాకిస్తే నెమ్మదిగా ఖాళీ అవుతుంది.

కొత్తది కొనేటప్పుడు కొట్టువాడు "10 లేదు, 15 వెయ్యండి, పవర్ ఇంకా పెరుగుతుంది" అంటే వినకూడదు. ఎక్కువ వేస్తే మొదట్లో నిజంగానే హుషారుగా తిరుగుతుంది. కానీ రెండో చుట్టలో కరెంటు పరిమితి దాటి, అది కొన్ని నెలల్లోనే కాలిపోవచ్చు. వోల్టేజీ అంకె కూడా చూడాలి. నడుస్తున్నప్పుడు కండెన్సర్ మొనల మధ్య ఇంటి కరెంటు కంటే ఎక్కువ వోల్టేజీ పుడుతుంది. దాని మీద 440 అని రాయడం అందుకే.

ఒకవైపు బాగా తిరిగి రెండోవైపు మాత్రమే మొరాయిస్తే అప్పుడు కండెన్సర్ జోలికి పోనక్కర్లేదు. రెండు దిక్కులకూ పనిచేసేది ఆ ఒక్క కండెన్సరే, టైమర్ దాన్ని ఒకసారి ఈ చుట్టకు, ఒకసారి ఆ చుట్టకు మారుస్తుంది. కండెన్సర్ పోతే రెండువైపులా పోవాలి. ఒకవైపే తేడా ఉందంటే టైమర్ లోపలి కాంటాక్టు నల్లబడి ఉండాలి, లేదా చుట్టల్లో ఒకటి దెబ్బతిని ఉండాలి. ఉతికే మోటారులో రెండు చుట్టలూ కవల పిల్లల్లాంటివి. కండెన్సర్ వైర్లు విప్పి, ఉమ్మడి వైరు నుంచి రెండిటికీ నిరోధం కొలిస్తే సమానంగా రావాలి. ఒకటి 20 ఓమ్‌లు, రెండోది 14 చూపిస్తే అప్పుడు మాత్రం మోటారుని అనుమానించడంలో న్యాయముంది.

చెవి పెట్టి వినాల్సింది

లోడు పడి ఆగే మెషీన్ రెండు రకాలుగా అరుస్తుంది. ఒకటి మోటారు కదల్లేక గొంతు బొంగురుపోయి మూలగడం. రెండోది మోటారు హాయిగా అదే వేగంతో తిరుగుతూ, పైన పల్సేటర్ మాత్రం నిలబడిపోవడం. దీనితో పాటు కాలిన రబ్బరు వాసన, కింద నల్లటి పొడి కనిపిస్తే బెల్టు జారుతోందన్నమాట. ఇక్కడ మోటారుకు ఏ పాపమూ తెలియదు. బెల్టు మధ్యలో బొటనవేలితో నొక్కితే ఒక సెంటీమీటరు లోపల దిగాలి. అంతకంటే చాలా దిగితే మోటారు బోల్టులు వదులు చేసి కాస్త వెనక్కి లాగి బిగించాలి. బెల్టు పగుళ్లు తేలి మెరుస్తుంటే మార్చాలి. సబ్బు రాయడం, రాళ్ల ఉప్పు చల్లడం లాంటి చిట్కాలు రెండు రోజుల ముచ్చట.

బెల్టు సంగతి వచ్చింది కాబట్టి ఎలుకల సంగతి కూడా. చాలా సెమీ మెషీన్లకు అడుగున మూత ఉండదు, ఉన్నా ఊడిపోయి ఉంటుంది. ధాన్యం బస్తాల పక్కన మెషీన్ పెట్టుకున్న ఇంట్లో బెల్టు అంచులు, వైర్ల తొడుగు కొరికి ఉండటం అరుదు కాదు. సగం తెగిన వైరు ఖాళీ మెషీన్‌ని నడుపుతుంది, లోడు పడగానే వేడెక్కి వదిలేస్తుంది.

మోటారే మూలుగుతుంటే ప్లగ్గు పీకి పల్సేటర్‌ని చేత్తో తిప్పి చూడాలి. బరువుగా, గరగరమని తిరిగితే లోపం గేర్‌బాక్సులోనో, షాఫ్టు బుష్‌లోనో ఉంది. ఆయిల్ సీల్ అరిగి సబ్బునీళ్లు కారితే బుష్ తుప్పుపట్టి షాఫ్టుని పట్టేస్తుంది. బరంపురం, గోపాల్‌పుర్ వైపు ఉప్పుగాలికి ఈ తుప్పు ఇంకా తొందరగా వస్తుంది. గేర్‌బాక్సు దాకా పోయే ముందు పల్సేటర్ మధ్య స్క్రూ విప్పి దాన్ని పైకి తీయాలి. అడుగున బయటపడేవి చూస్తే నవ్వొస్తుంది: రూపాయి బిళ్లలు, పిన్నీసులు, బ్రా వైరు, గామ్చా (తుండుగుడ్డ) కుచ్చుల దారం మెత్తటి తాడులా పేనుకుపోయి షాఫ్టు చుట్టూ. ఆ దారం కత్తిరించి తీసేస్తే కొన్ని మెషీన్లు అక్కడికక్కడే బాగుపడతాయి. అప్పటికీ తేలకపోతే బెల్టు తీసేసి మోటారుని ఒంటరిగా నడపాలి. ఒంటరిగా కూడా మూలిగితే లోపం మోటారు, కండెన్సర్ జతలో ఉంది. చురుగ్గా లేచి రెండువైపులా తిరిగితే బెల్టు తర్వాతి భాగంలో వెతకాలి. కాకపోతే ఒంటరి మోటారు బలహీనమైన కండెన్సర్‌తోనూ లేస్తుంది కాబట్టి దాన్ని కొలిచిన తర్వాతే ఈ పరీక్షకు విలువ.

ఇవన్నీ బాగున్నా మోటారు ఆగుతోందంటే వేసిన బట్టల్ని చూడాలి. 7 కిలోల మెషీన్ అంటే 7 కిలోల పొడిబట్టలు, అవీ మామూలు బట్టలు. కోరాపుట్ కొండల్లో చలి గట్టిది, డిసెంబరు, జనవరి వచ్చేసరికి రగ్గులు, బొంతలు బయటికొస్తాయి. పొడిగా మూడు కిలోలే తూగే రగ్గు నీళ్లు పీల్చుకుని టబ్బంతా పరుచుకుంటే పల్సేటర్ దాన్ని తిప్పలేదు, దాని కింద ఇరుక్కుని నలుగుతుంది. సంక్రాంతికి ముందు ఇంటిల్లిపాదివీ రగ్గులు ఒకే రోజు ఉతకాలనుకున్న ఇళ్లలోనే మోటార్లు ఎక్కువ ఆగుతాయి. నీళ్లు తక్కువ పోసినా ఇదే పరిస్థితి. నీళ్లు నిండుగా ఉంటే బట్టలు తేలుతాయి, పల్సేటర్ నీళ్లని తిప్పితే నీళ్లు బట్టల్ని తిప్పుతాయి. సగమే ఉంటే బట్టలు నేరుగా పల్సేటర్ మీద కూర్చుంటాయి. ఎండాకాలం కరెంటు లేక బోరు ఆడని రోజు నీళ్లు పొదుపు చేద్దామనుకుంటే ఆ పొదుపు మోటారు మీద పడుతుంది. ఆ రోజుకు బట్టలే సగం చేయడం మంచిది.

పది నిమిషాలు ఉతికి ఆగిపోయి, అరగంట తర్వాత తనంతట తనే లేచే మెషీన్‌లో వేడికి తెరుచుకునే చిన్న స్విచ్చు తన పని తాను చేస్తోంది. చుట్ట కాలకుండా కాపాడేది అదే. "అది అడ్డం పడుతోంది, డైరెక్ట్ చేసేస్తా" అనే మెకానిక్‌ని అక్కడే ఆపాలి. ఆ స్విచ్చు తెరుచుకుందంటే పై కారణాల్లో ఏదో ఒకటి మోటారుని వేడెక్కిస్తోంది.

పిండే డ్రమ్ముకు మోటారు వేరు, కారణాలూ కొంచెం వేరు. వానాకాలం బట్టలు ఆరక ప్రతి ఇంట్లో దాని మీదే భారం. డ్రమ్ము బరువుగా తిరిగితే మొదట చూడాల్సింది బ్రేకు వైరు. మూత మూసినప్పుడు ఆ వైరు బ్రేకుని పూర్తిగా వదలాలి. వైరు సాగిపోతే బ్రేకు రాసుకుంటూనే ఉంటుంది, మోటారు ఆ రాపిడితో కుస్తీ పడుతుంది. రెండోది నీళ్లు. డ్రెయిన్ పైపు నేల కంటే ఎత్తులో పెట్టినా, పాచి పట్టి మూసుకున్నా డ్రమ్ము కింద నీళ్లు నిలుస్తాయి. ఆ నీళ్లలో డ్రమ్ము తిరగడమంటే మోకాలి లోతు నీళ్లలో పరుగెత్తడమే.

ఫ్రంట్ లోడ్ మెషీన్లలో లెక్క మారుతుంది. వాటిలో పాత రకాలకు మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లుంటాయి, అవి అరిగి పొట్టివైతే లోడుకు నిప్పురవ్వలు రాలుతూ బలం తగ్గుతుంది. బ్రష్‌లు మార్చడం చిన్న పని. ఎలక్ట్రానిక్ బోర్డు నడిపే ఇన్వర్టర్ మోటారు ఉన్నవాటిలో కండెన్సర్ మాట లేదు, వోల్టేజీ కొంత తగ్గినా బోర్డు సర్దుకుంటుంది, మించితే ఎర్రర్ చూపించి ఆగుతుంది. చేతి ఉతుకు సబ్బుపొడి దండిగా వేస్తే మాత్రం ఏ ఫ్రంట్ లోడ్ అయినా నురగలో కూరుకుపోతుంది.

ఇంత చూశాక కూడా రెండు చుట్టల నిరోధం తేడాగా వచ్చి మోటారే దోషి అని తేలితే రీవైండింగ్ చేయించాలా, కొత్తది వేయాలా అన్నది మిగులుతుంది. సరిహద్దు ఊళ్లవాళ్లకు బరంపురమో, పార్వతీపురమో, విజయనగరమో వెళ్లి రావడం కూడా ఖర్చే కాబట్టి రెండిటి ధరా అడిగి తేల్చుకోవాలి. చుట్టిస్తే పాత చుట్టు లెక్క, తీగ మందం అలాగే ఉంచమని గట్టిగా చెప్పాలి. చుట్లు తగ్గితే మోటారు వేడెక్కుతుంది, తీగ సన్నబడితే ఇంకా తొందరగా వేడెక్కుతుంది. కొట్టువాడు బల్ల మీద మోటారుని ఖాళీగా తిప్పి "చూశారా, ఎంత స్పీడో" అంటాడు. ఖాళీగా అది ముందు కూడా తిరిగింది. డబ్బు పూర్తిగా ఇచ్చేలోపు ఇంట్లో బిగించి, సాయంత్రం ఏడింటికి, నీళ్లు నిండా పోసి రెండు తడి దుప్పట్లతో ఒక పావుగంట ఆడించి చూసుకోవాలి.